వెనకవాడి హక్

పోయిన నవంబరులో ఒక ఆదివారం పొద్దున మా పిల్ల గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. లోపలికి రాదు. "అబ్బూ, జర టవల్ లావో" అని మెల్లిగా పిలిచింది. వెళ్లి చూశాను. ముందు నుంచి చూస్తే బాగానే ఉంది. "వెనక చూడు" అని తిరిగింది. నడుము దగ్గర మొదలై మెడ దాకా, అక్కడి నుంచి తలకు కట్టుకున్న స్కార్ఫు దాకా ఒకటే నల్లటి చార. రేగడి కీచడ్. ఎవరో తారులో కుంచె ముంచి గీసినట్టుంది.

ఫజర్ నమాజ్ చేసుకుని కంకిపాడు దాకా తొక్కి వచ్చింది. ఆ రోజు వాన చుక్క పడలేదు.

మా ఆపా అప్పుడే వచ్చి హాల్లో కూర్చుని చాయ్ తాగుతోంది. పిల్లని కిందికీ పైకీ చూసి ఒక్క మాట అంది. "ఇదేనా మీ ట్రైనింగు? జవాన్ పిల్ల వెనకంతా బురద పూసుకుని పటమట బజారు మీదుగా వస్తే లోగ్ క్యా బోలేంగే?"

ఆ చార మీద మా ఖాందాన్‌లో మూడు రోజులు పంచాయితీ నడిచింది. పిల్ల సైకిల్ మానేయాలని ఒకరు. ఇంట్లోనే తొక్కే మిషన్ కొనమని ఒకరు. డిగ్రీ అయ్యాక షాదీ చేసేస్తే ఏ గొడవా ఉండదని ఇంకొకరు. నిశ్చయంగా తొక్కాలి, జిల్లా సెలక్షన్స్‌కి వెళ్లాలి అన్నది మా పిల్ల ఒక్కతే. ఇంతమందిలో ఎవరూ అడగని సవాల్ ఒకటుంది. ఆ సైకిల్‌కి మడ్‌గార్డు ఎందుకు లేదు?

ఆ సవాల్‌కి జవాబ్ చెప్పాల్సింది నేనే. కొన్నది నేను కాబట్టి.

గల్తీ ముందే ఒప్పుకుంటాను. ఎనిమిది నెలలు కూడబెట్టిన డబ్బు తీసుకుని పిల్లతో షోరూమ్‌కి వెళ్లాను. కొమ్ముల్లా వంగిన హ్యాండిలు, సన్న టైర్లు, వేలితో ఎత్తితే లేచేంత తేలిక. నేను అడగడం అడిగాను, "దీనికి మడ్‌గార్డులు ఎక్కడ బిగిస్తారు బాబూ?" అని. కుర్రాడు నవ్వాడు. "సార్, రోడ్ బైక్‌కి మడ్‌గార్డు ఎవరూ పెట్టరు. లుక్ పోతుంది. పాల సైకిల్‌లా ఉంటుంది" అన్నాడు. నేను నోరు మూసుకుని డబ్బు కట్టాను.

సైకిల్ మిస్త్రీ కొడుకుని నేను. నాకు అంతకంటే శరమ్ ఏముంటుంది?

వించిపేటలో మా అబ్బా దుకాన్ ఉండేది. రేకుల షెడ్డు, ముందు గాలి పంపు, నీళ్ల తొట్టి, వరసగా కిరాయి సైకిళ్లు. ఉర్దూ బడి వదలగానే నేను వెళ్లి ట్యూబులకి సాండ్‌పేపర్ రుద్దేవాణ్ని. నల్ల రోడ్‌స్టర్లు, ఇరవై కిలోల బరువు, ఇనప మడ్‌గార్డులు, చైనుకి నిండా కవరు. వెనక మడ్‌గార్డు చివర అబ్బా ఒక రబ్బరు ముక్క వేలాడదీసేవాడు, పాత లారీ ట్యూబు కోసి. అది ఊడిపోయిన సైకిల్‌ని కిరాయికి ఇచ్చేవాడు కాదు. ఒకసారి నేను అడిగాను, ఈ ముక్క లేకపోతే తొక్కేవాడికి ఏం పోతుంది అని. "తొక్కేవాడికి ఏం పోదు బేటా. అది వాడి కోసం కాదు. వెనక వచ్చేవాడి హక్ అది" అన్నాడు.

నలభై ఏళ్లు దాటాక, ఒక షోరూమ్ కుర్రాడి నవ్వు ముందు ఆ మాట మర్చిపోయాను. ఎందుకు మర్చిపోయానో కూడా చెప్పాలి. ఎందుకంటే ఈ జబ్బు నా ఒక్కడిది కాదు.

మనల్ని ఎగతాళి చేయడానికి ఈ దేశంలో ఒక మాట తయారైంది. పంక్చర్‌వాలా. టీవీ చర్చల్లో, వాట్సాప్‌లో, క్రికెట్ మ్యాచ్ ఓడిన రాత్రి, ఎన్నికల రోజు, ఆ మాట ఊరికే వచ్చి పడుతుంది. నా పాత్రికేయ ఉద్యోగంలో చాలాసార్లు విన్నాను. వాళ్లు అనడం వాళ్ల తమీజ్. కానీ ఆ మాటకి మనం చేసిందేమిటి? సిగ్గుపడ్డాం. దుకాన్ మూసేశాం, అది సరే, రోజులు మారాయి. దుకాన్‌తో పాటు ఆ ఇల్మ్ కూడా గిరాటేశాం. ఏ ఫ్రేముకి ఏ చక్రం, ఏ చక్రానికి ఎంత సందు, బురదకి ఏది ఆగుతుంది, ఏది ఆగదు, ఇవన్నీ మన మొహల్లాల్లో పదేళ్ల పిల్లవాడికి తెలిసిన సంగతులు. ఇవాళ అదే మొహల్లా పిల్లలు ఫోన్‌లో వీడియో చూసి "మడ్‌గార్డు పెట్టుకుంటే గరీబ్ లుక్కు" అంటున్నారు. పంక్చర్‌వాలా అని వెక్కిరించినవాడి కళ్లతోటే మన సైకిల్‌ని మనం చూసుకుంటున్నాం.

పాల సైకిల్‌లా ఉంటుందట! ఉంటే? పాలు పోసేవాడు తెల్లవారుజామున నాలుగింటికి లేచి, వానలో, మంచులో, ఒక్క రోజు కూడా నాగా లేకుండా తొక్కుతాడు. ట్రైనింగ్ అంటే ఇంకేమిటి? ఆయన సైకిల్ మీద ఉన్న ప్రతి సామానూ పని కోసం ఉంది. షోరూమ్ సైకిల్ మీద లేని ప్రతి సామానూ దిఖావా కోసం తీసేశారు.

ఇక మన చలికాలం సంగతి. "విజయవాడలో చలికాలం ఎక్కడుంది భాయ్, ఏడాది పొడుగునా ఎండే కదా, మడ్‌గార్డు దేనికి" అని ఒక దోస్త్ అడిగాడు. చలి లేదు, నిజమే. నీళ్లున్నాయి. 1855లో ఆనకట్ట కట్టినప్పటి నుంచి ఈ డెల్టా నీళ్ల మీద బతుకుతోంది. మనకి తుఫాన్ల కాలం చలికాలమే. దివిసీమని ఊడ్చేసిన ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది 2023 డిసెంబరు 5న. తుఫాను లేని ఏడాది కూడా అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలు తప్పవు.

వానలు ఆగాక రోడ్డు పొడిగా ఉంటుందా అంటే, అదీ లేదు. వరికోతలు మొదలవుతాయి. చేలోంచి ట్రాక్టరు తారు రోడ్డు ఎక్కినప్పుడు టైర్ల గాళ్లలో ఉన్న రేగడి అంతా రోడ్డు మీద రాలుతుంది. ఉయ్యూరు ఫ్యాక్టరీకి చెరకు బండ్లు వెళ్తాయి. అవీ అంతే. రాత్రంతా మంచు కురిసి ఆ మట్టి మీద తడి పడుతుంది. తెల్లారేసరికి బందరు రోడ్డు మీద, కాలవ గట్ల మీద, పల్చటి నల్ల పేస్టు తయారు. ఎండ ఎక్కాక ఆరిపోతుంది. కానీ సైకిల్ తొక్కేవాళ్లు వెళ్లేది ఎండ ఎక్కకముందు కదా! మా పిల్ల వీపు మీద పడింది ఆ పేస్టే. పైన ఆకాశం సాఫ్‌గా ఉంది, కింద రోడ్డు లేదు.

ఈ పేస్టు బట్టలతో ఆగితే సంతోషమే. ముందు చక్రం చిమ్మేది తిన్నగా కాళ్ల మీదికి, చైను మీదికి, పెడల్ తిరిగే చోట బాల్సుల గిన్నెల మీదికి పోతుంది. రేగడిలో సన్నటి ఇసక కలిసి ఉంటుంది. అది బ్రేకు రబ్బరుకీ రిమ్ముకీ మధ్య పడితే బ్రేకు వేసిన ప్రతిసారీ అల్యూమినియం రిమ్ముని గీకుతుంది. చైనులో పడితే పళ్లు అరిగిపోతాయి. రెండు నెలల్లో మా కొత్త సైకిల్ చైను కరకరమంది. మార్చడానికి అయిన ఖర్చులో రెండు జతల మడ్‌గార్డులు వచ్చేవి. ఇది ఫిజూల్ ఖర్చీ కాదా?

బట్టల మాట కూడా చెప్పనివ్వండి, మగవాళ్లు రాసే సైకిల్ కబుర్లలో ఇది ఉండదు. రేగడి మరక ఒక్క ఉతుకుకి పోదు. నానబెట్టాలి, రుద్దాలి, మళ్లీ నానబెట్టాలి. మా ఇంట్లో ఆ పని చేసింది సైకిల్ కొన్న నేను కాదు, తొక్కిన పిల్ల కూడా కాదు, పిల్ల వాళ్ల అమ్మీ. షాన్ ఒకరిది, పసీనా ఇంకొకరిది.

అన్నిటికంటే పెద్ద సంగతి నాకు తర్వాత తెలిసింది. పిల్ల ఒక్కతే తొక్కదు. ముగ్గురు అమ్మాయిలు కలిసి వెళ్తారు, భద్రం కోసం కొంత, గాలి కోసం కొంత. ఒకరి వెనక ఒకరు దగ్గరగా తొక్కితే వెనకవాళ్లకి గాలి తగ్గుతుంది, బలం మిగులుతుంది. అది రోడ్డు ట్రైనింగ్‌లో మొదటి పాఠం. కానీ ముందు సైకిల్‌కి మడ్‌గార్డు లేకపోతే వెనక అమ్మాయి ముఖం మీద, కళ్లల్లో, నోట్లో ఆ పేస్టే. మా పిల్ల వీపు మీద చార చూసి మేమంతా గోల చేశాం. ఆ రోజు తన వెనక తొక్కిన పిల్ల ముఖం ఎలా ఉండి ఉంటుందో మాలో ఎవరూ ఆలోచించలేదు. అబ్బా ఉంటే మొదట అదే అడిగేవాడు.

ఇంగ్లండులో పందెం సైకిళ్లు తొక్కేవాళ్లకి ఒక పాత అలవాటుంది. చలికాలం రాగానే మంచి సైకిల్‌ని ఇంట్లో పెట్టి, మడ్‌గార్డులున్న గట్టి సైకిల్ ఒకటి బయటికి తీస్తారు. వింటర్ బైక్ అంటారు దాన్ని. చాలా క్లబ్బుల్లో చలికాలపు గుంపులోకి మడ్‌గార్డు లేకుండా వస్తే అందరి వెనక్కి పొమ్మంటారు. ఇది అక్కడ రూలు కంటే ఎక్కువ, అదబ్. మనవాళ్లు ఇంగ్లండు నుంచి హెల్మెట్టు తెచ్చుకున్నారు, బిగుతు చొక్కాలు తెచ్చుకున్నారు. ఆ అదబ్ మాత్రం సామానులో పట్టలేదు.

ఇప్పుడు ఎదురు వాదనలు. నాకు వాట్సాప్‌లో వచ్చినవే.

"బరువు పెరుగుతుంది." ప్లాస్టిక్ మడ్‌గార్డుల జత అరకిలో అటూ ఇటూ ఉంటుంది. ట్రైనింగ్ చేసేది బలం పెరగడానికి. అరకిలో మోయలేని ట్రైనింగ్ ఏం ట్రైనింగ్? పైగా బరువుకీ మడ్‌గార్డుకీ దుష్మనీ లేదని ఫ్రాన్సు కారీగర్లు ఎప్పుడో నిరూపించారు. పారిస్‌లో రెనె హెర్స్ అనే ఉస్తాద్ 1938లో పోటీకి ఒక సైకిల్ చేశాడు. మడ్‌గార్డులు, లైట్లు అన్నీ కలిపి ఎనిమిది కిలోల లోపు. మనం షోరూమ్‌లో వేలకి వేలు పోసి కొనే బోడి సైకిళ్లలో చాలావాటికంటే తక్కువ.

"ప్రొఫెషనల్స్ పెట్టుకోరు కదా." వాళ్ల వెనక కారులో మెకానిక్ వస్తాడు. సాయంత్రం సైకిల్ కడిగి, చైనుకి నూనె వేసి, పొద్దున తుడిచి చేతికిస్తాడు. మీ ఇంట్లో ఆ మెకానిక్ ఎవరు? మీరే అయితే మడ్‌గార్డు పెట్టుకోండి. మీ ఆవిడ అయితే, ఇవాళే పెట్టుకోండి.

"గలగలమని చప్పుడు చేస్తుంది." వదులుగా బిగిస్తే చేస్తుంది. స్క్రూ కింద రబ్బరు వాషరు వేసి బిగించండి. ఇది సైకిల్ దోషం కాదు, బిగించిన చెయ్యి దోషం.

"రేగడిలో మడ్‌గార్డు ఉంటే మట్టి ఇరుక్కుని చక్రమే తిరగదు." ఇది ఒక్కటే అసలైన వాదన, దీనికి ఇజ్జత్ ఇవ్వాలి. పొలం గట్ల మీద తొక్కే రైతులు వానాకాలం మడ్‌గార్డులు పీకేయడం నేనూ చూశాను. సందు తక్కువైతే రేగడి ముద్ద కట్టి చక్రాన్ని పట్టేస్తుంది. ఎండు గడ్డి చుట్టుకుని ముందు చక్రం పట్టేస్తే మనిషి ఎగిరి పడతాడు కూడా. కానీ దీనికి మందు మడ్‌గార్డు తీసేయడం కాదు, సందు ఎక్కువున్న ఫ్రేము కొనడం. నా వాదన అంతా చివరికి ఇక్కడికే వస్తుంది. మడ్‌గార్డు తర్వాత కొనే సామాను కాదు. దానికి చోటు ఫ్రేములోనే ఉండాలి. లేని చోటు తర్వాత ఎవరూ పుట్టించలేరు.

నాకు ఆ సంగతి రెండోసారి ఖర్చుపెట్టాక అర్థమైంది. చార గొడవ అయ్యాక వన్‌టౌన్‌లో అబ్బా పాత షాగిర్ద్ దగ్గరికి సైకిల్ తీసుకెళ్లాను. ఆయన కళ్లజోడు పైకెత్తి ఫ్రేము చుట్టూ చూశాడు. "ఎక్కడ బిగించమంటావు? కన్నం లేదు, సందు లేదు. డ్రిల్లు పెడితే ఫ్రేము విరుగుతుంది" అన్నాడు. సీటు కింద తగిలించే ప్లాస్టిక్ రెక్క ఒకటి పెట్టాం. పిల్ల వీపు బాగుపడింది. చైను బాగుపడలేదు, కాళ్లు బాగుపడలేదు, వెనక పిల్ల ముఖం అసలే బాగుపడలేదు. తనొక్కతే సాఫ్‌గా ఉండే మడ్‌గార్డు అది. చివరికి ఆ సైకిల్ నష్టానికి అమ్మి, పాతదే అయినా సరైనది వెతికి కొన్నాం. ఈసారి ఆ ఉస్తాద్‌ని కూడా వెంట తీసుకెళ్లాను. ఆయన చూసినవి రాస్తున్నాను. మీరు వెళ్లినప్పుడు మీరూ చూడండి.

మొదట కన్నాలు. వెనక చక్రం ఇరుసు బిగించే చోట రెండు వైపులా, ముందు ఫోర్కు అడుగున రెండు వైపులా, మడ్‌గార్డు కడ్డీల కోసం మర ఉన్న చిన్న కన్నాలుండాలి. ఫోర్కు తల దగ్గర ఒకటి, వెనక చక్రం మీదుగా ఫ్రేములో ఉండే అడ్డ కమ్మీకి ఒకటి. ఇవి లేకపోతే రంగు ఎంత బాగున్నా ఖుదా హాఫిజ్ చెప్పి వచ్చేయండి.

తర్వాత సందు. టైరు వెడల్పు దాని పక్కనే రాసి ఉంటుంది. 25, 28, 32 అని, మిల్లీమీటర్లలో. మన రోడ్లకి 28 కంటే సన్నం వద్దు, 32 అయితే మంచిది. మడ్‌గార్డు టైరు కంటే ఎనిమిది, పది మిల్లీమీటర్లు వెడల్పుగా ఉండాలి. టైరుకీ ఫోర్కు తలకీ మధ్య మీ బొటనవేలు సులువుగా దూరాలి. వెనక కూడా అంతే. రేగడి కోసం ఇంకాస్త ఉన్నా నష్టం లేదు.

మూడోది బ్రేకు. రిమ్ముని పట్టే పొట్టి బ్రేకులున్న పందెం సైకిళ్లలో బ్రేకే సందంతా తినేస్తుంది. పొడుగు చేతుల బ్రేకు గానీ, డిస్కు బ్రేకు గానీ ఉండాలి. బురదలో డిస్కు ఇంకా నయం, రిమ్ము అరగదు. అయితే డిస్కు బ్రేకు పెట్టె మడ్‌గార్డు కడ్డీకి అడ్డం వస్తుందేమో అక్కడే చూసుకోండి.

నాలుగోది ఆడపిల్లలకి, పొట్టివాళ్లకి ముఖ్యం. చిన్న సైజు ఫ్రేముల్లో హ్యాండిలు తిప్పితే ముందు చక్రం కాలివేళ్లకి తగులుతుంది. మడ్‌గార్డు పెట్టాక ఇంకాస్త తగులుతుంది. పెడల్‌ని అడ్డంగా పెట్టి, కాలు పెట్టి, హ్యాండిలు తిప్పి చూడాలి. షోరూమ్ వాళ్లు ఇది చూపించరు.

ఐదోది, ముందు మడ్‌గార్డు కడ్డీలు గట్టిగా లాగితే ఊడొచ్చే క్లిప్పులతో ఉంటే మేలు. గడ్డి గానీ పుల్ల గానీ ఇరుక్కుంటే కడ్డీ ఊడుతుంది, మనిషి పడడు.

ఆఖరిది మా అబ్బా పద్ధతి. డబ్బు కట్టకముందు బిగించమనండి. "తర్వాత పెట్టుకోవచ్చు సార్" అంటే, "ఇప్పుడే పెట్టి చూపించు బాబూ" అనండి. ఒక కారీగర్ చేతికి అరగంట పని. పెట్టలేకపోతే, ఆ సైకిల్ మన ఊరిది కాదు.

ధనవంతులకి రెండు సైకిళ్లు ఉండొచ్చు, ఎండకొకటి, బురదకొకటి. మన ఇళ్లల్లో పిల్లకి ఒక్క సైకిల్ కొనడమే పెద్ద జిద్దు మీద జరిగే పని. ఆ ఒక్కటీ బురదని తట్టుకునేదై ఉండాలి. పందెం రోజున మడ్‌గార్డులు విప్పేయడానికి పావుగంట చాలు. చోటు లేని ఫ్రేముకి మడ్‌గార్డు పెట్టడానికి జిందగీ చాలదు.

మా పిల్ల డిసెంబరంతా తొక్కింది. ఉయ్యూరు దాకా, ఒకసారి పామర్రు దాకా. వెనక మడ్‌గార్డు చివర లారీ ట్యూబు ముక్క వేలాడుతోంది. ఉస్తాద్ కోసిచ్చాడు, నేను బిగించాను. మిగతా ఇద్దరు అమ్మాయిలూ అడిగి అలాంటివి కోయించుకున్నారు. పామర్రు దాకా వెళ్లొచ్చిన రోజు మా ఆపా ఇంట్లోనే ఉంది. పిల్ల తిన్నగా లోపలికి వచ్చి సలాం చేసింది. ఆపా వెనక్కి వంగి మరీ చూసింది. మాట్లాడటానికి ఏమీ దొరకలేదు. "ఏం తిన్నావే పొద్దున?" అని అడిగింది.

జనవరిలో సెలక్షన్స్‌లో పిల్ల ఎంపిక కాలేదు. వచ్చే ఏడు మళ్లీ వెళ్తానంటోంది, ఇన్షాఅల్లాహ్. కానీ తను ఓడింది రోడ్డు మీద, పోటీలో. హాల్లో, బురద చార మీద జరిగిన పంచాయితీలో కాదు. ఆ ఫరక్ విలువ ఆడపిల్లల్ని పెంచేవాళ్లకి నేను చెప్పక్కర్లేదు.